వాము బుస కొట్టింది

బెవర పైడినాయుడు కొలువులో చేరిన రోజున అతని చేతికి ఒక పుస్తకం, ఒక రిమోటు, ఒక ఎర్ర పెన్సిలు ఇచ్చారు. పుస్తకంలో ఒక పంక్తి చదవాలి. రిమోటు నొక్కి సినిమాను అంతమేరకు కదిలించాలి. రెండూ కలవకపోతే ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టాలి. ఈ పనికి డిగ్రీ అడిగారు, రాతపరీక్ష పెట్టారు, ఇంటర్వ్యూలో మన రాష్ట్రంలో ఎన్ని నదులున్నాయో చెప్పమన్నారు. నదులన్నీ చెప్పాక రెండేళ్ళ ప్రొబేషను మీద సహాయ పరిశీలకుడిగా వేసుకున్నారు.

పైడినాయుడు వాళ్ళ ఇంటావంటా డిగ్రీ మొహం చూసినవాడు లేడు. తండ్రి దాలినాయుడు నెల్లిమర్లలో జూట్ మిల్లు కార్మికుడు. వయోజన విద్యా కేంద్రంలో అక్షరాలు నేర్చుకున్నాడు గానీ, ఇప్పటికీ ఒక్కో అక్షరాన్నీ వేలితో నొక్కిపెట్టి, అది కదలకుండా చూసుకుని చదువుతాడు. కొడుక్కి సర్కారు ఉద్యోగం వచ్చిందని మిల్లు గేటు దగ్గర అందరికీ చెప్పాడు. కానీ ప్రొబేషను అనేది ఒకటుందని, ఆ రెండేళ్ళూ ఉద్యోగం ఉన్నట్టూ కాదు లేనట్టూ కాదని అల్లుడి వరసవాడెవరో చెప్పేసరికి ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. ఆదివారం ఆదివారం ఫోను చేసి ఒకే మాట అడిగేవాడు: “పెర్మినెంటు అయినావేటి?”

పైడినాయుడు చేరిన కార్యాలయం పేరు గ్రంథ విధేయతా పరిరక్షణ మండలి. అది ఎందుకు పుట్టిందో చెప్పాలంటే గుర్రం సంగతి చెప్పాలి.

‘ఏడు గవ్వల దీవి’ అని ఏడు సంపుటాల జానపద నవల ఉంది. మేఘధరుడనే రాకుమారుడు ఏడు గవ్వల కోసం ఏడు దీవులు తిరుగుతాడు. నలభై ఏళ్ళుగా దాన్ని చదవని పిల్లలు లేరు, చదివి మరిచిపోయిన పెద్దలు లేరు. మొదటి సంపుటాన్ని సినిమా తీశారు. పుస్తకంలో మేఘధరుడి గుర్రం పాలనురుగు తెలుపు. సినిమాలో గోధుమరంగు. విడుదలైన రోజున మూడు జిల్లాల్లో థియేటర్ల కుర్చీలు విరిగాయి. ఒకాయన సెల్ టవరెక్కి, గుర్రం తెల్లబడేదాకా దిగనన్నాడు. ఆయన్ను దించడానికి అధికారులు కింద నిలబడి మైకులో హామీ ఇచ్చారు. హామీ ఇచ్చాక చట్టం చెయ్యక తప్పలేదు. చట్టం చేశాక మండలి వెయ్యక తప్పలేదు.

చట్టంలో ముఖ్యమైన వాక్యం ఒక్కటే. గ్రంథమందున్నది చిత్రమందు లేకపోవుట లోపము. గ్రంథమందు లేనిది చిత్రమందుండుట నేరము.

అధ్యక్షుడిగా చామర్తి భుజంగరావుగారిని నియమించారు. ఆయన రిజిస్ట్రేషన్ శాఖలో ముప్ఫైనాలుగేళ్ళు దస్తావేజులు చూసి రిటైరైనవాడు. కథలు చదివే అలవాటు లేదు. అందుకే నిష్పక్షపాతి అన్నారు.

రెండో సినిమా మండలి కిందికి వచ్చింది. “వెయ్యిమంది సైనికులు వంతెన దాటారు” అని పుస్తకంలో ఉంది. పైడినాయుడు బొమ్మ ఆపి నాలుగు రోజులు లెక్కపెట్టాడు. తొమ్మిదివందల తొంభైమూడు. మిగతా ఏడుగురిని పిలిపించి వంతెన దాటించారు. తర్వాత “పన్నెండేళ్ళు గడిచాయి” అన్న వాక్యం వచ్చింది. దర్శకుడు ఒక చెట్టుకు ఆకులు రాల్చి, మళ్ళీ చిగురించి, నాలుగు సెకన్లలో తేల్చేశాడు. పన్నెండేళ్ళను నాలుగు సెకన్లకు కుదించుట గ్రంథ వక్రీకరణ కిందకు వచ్చునని మండలి అభిప్రాయపడింది. నిర్మాత కాళ్ళావేళ్ళా పడితే ఏడాదికి ఒక నిమిషం చొప్పున సడలించారు. తెర మీద పన్నెండు నిమిషాలు ఏమీ జరగదు. అభిమానులు మొదటి ఆట ఆ పన్నెండు నిమిషాలూ నిలబడి చప్పట్లు కొట్టారు. రెండో ఆట నుంచి క్యారియర్లు తెచ్చుకున్నారు. అలా అలా ఆ సినిమా పందొమ్మిది గంటలు తేలింది. బయటికి వచ్చినవాళ్ళను టీవీవాళ్ళు అడిగితే, అందరూ ఒళ్ళు విరుచుకుంటూ ఒకే మాట అన్నారు. ఎంతైనా పుస్తకమే బాగుంది.

భుజంగరావుగారు ఆ మాట విని, విధేయత ఇంకా చాలలేదన్నమాట అని నోటు రాశారు.

మూడో సినిమా ట్రైలరు వచ్చింది. అందులో మేఘధరుడు ఒక గుహలోకి వెళ్తాడు. లోపలి నుంచి నల్లని పాము ఒకటి పడగ విప్పి లేస్తుంది. పదకొండు నెలలు కంప్యూటర్ల మీద కూర్చుని చేసిన పాము అది. దర్శకుడికి దాని మీద చాలా ఆశ ఉంది. ట్రైలరు వచ్చిన గంటలోనే రాష్ట్రం భగ్గుమంది. పాముమీద ఎవరికీ కోపం లేదు. అందరూ అడిగేది ఒకటే. వాము ఏదీ?

మూడో సంపుటం, రెండువందల పన్నెండో పుటలో ఉంది ఆ వాక్యం. “అంతలో గుహ లోతుల్లోంచి వాము బుస కొట్టింది.” ఆ తర్వాత తొమ్మిది పుటలు దాన్ని ‘ఆ ఘోరజీవి’ అనే అన్నారు. మళ్ళీ పేరెత్తలేదు.

పైడినాయుడికి ఈ వాక్యం కొత్త కాదు. ఆరో తరగతిలో మండల గ్రంథాలయంలో కిటికీ పక్కన కూర్చుని చదివాడు. ఇంటికి వెళ్ళి, అమ్మా వాము అంటే ఏటని అడిగాడు. కడుపునొప్పి అనుకుని ఆవిడ గుప్పెడు వాము నమిలించి వేణ్ణీళ్ళు తాగించింది. నోరు మండి కళ్ళనీళ్ళు వచ్చాయి గానీ అనుమానం తీరలేదు. బజ్జీల్లో వేసే వాము గుహలో ఎందుకు బుస కొడుతుంది? కనుక ఇది వేరే వాము. జంతువు. నోటుబుక్కు వెనక అట్ట మీద దాని బొమ్మ వేసుకున్నాడు. రాష్ట్రంలో పిల్లలందరూ అదే పని చేశారు. ఎవరి వాము వాళ్ళది. పెద్దయ్యాక కొందరు దాన్ని టీషర్టుల మీద అచ్చు వేయించుకున్నారు, కొందరు పచ్చబొట్టు పొడిపించుకున్నారు. వాము సేన అనే సంఘం పుట్టింది. దాని కన్వీనరు త్రినాథ్ నలభయ్యేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. వాముకు నాలుగు కాళ్ళా ఆరు కాళ్ళా అన్న విషయంలో సొంత బావమరిదితో మాటలు మానేశాడు.

ఈ సేనకు ఒక చీలిక వర్గం కూడా ఉంది. వాళ్ళు శుద్ధవాదులు. వాము అంటే వామే, పోపుల డబ్బాలోదే అంటారు. కాగిన నూనెలో వేస్తే అది బుస్సుమనదా అని అడుగుతారు.

భుజంగరావుగారు పైడినాయుణ్ణి పిలిచి, వాము స్వరూప స్వభావ నిర్ధారణకై సమగ్ర నివేదిక సమర్పించవలసిందిగా ఆదేశించారు. నెలాఖరుకు ప్రొబేషను ముగుస్తుందని కూడా గుర్తు చేశారు.

పైడినాయుడు చెప్పిన పని శ్రద్ధగా చేసే మనిషి. నిఘంటువులు చూశాడు. తర్వాత అసలు రాసినావిణ్ణే అడిగితే పోలేదా అనిపించింది. మండలిలో ఆ ఆలోచన ఇంతకుముందు ఎవరికీ రాలేదు. ఆవిడ బతికే ఉందని కూడా చాలామందికి తెలియదు.

ఆకెళ్ళ శేషారత్నంగారు విజయనగరంలో కంటోన్మెంట్ దగ్గర రెండు గదుల వాటాలో ఉంటున్నారు. హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరయ్యారు. డెబ్భయ్యెనిమిదేళ్ళు. పైడినాయుడు ఫైలు విప్పి, మేడమ్, తమరు వాము అనే జీవిని ఏ ఉద్దేశంతో సృష్టించారో సెలవివ్వాలని అడిగాడు. ఆవిడ నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి మంచినీళ్ళు తాగారు. అప్పుడు లోపలికి వెళ్ళి ఒక పాత రేకుపెట్టె తెచ్చి, అందులోంచి దారంతో కుట్టిన తెల్లకాగితాల కట్ట తీశారు. సొంత దస్తూరీ. ఊదారంగు సిరా. “అంతలో గుహ లోతుల్లోంచి పాము బుస కొట్టింది.”

పైడినాయుడు ఆ మాటను మూడుసార్లు చదివాడు. ఆరో తరగతి నోటుబుక్కు అట్ట మీది జంతువు ఎక్కడో లోపల ఒకసారి తోకాడించి పడుకుంది.

“సీసపు అక్షరాల కాలం నాయనా అది,” అన్నారావిడ. “ఒక్కొక్క అక్షరం ఏరి పేర్చేవాళ్ళు. ప నోరు తెరుచుకుని ఉంటుంది చూశావా? ఆ సందులో సిరా గడ్డకట్టింది. నోరు మూసుకుపోయిన ప ఏమవుతుంది? వ అవుతుంది. అంతే జరిగింది.”

పుస్తకం రాగానే ఆవిడ ప్రచురణకర్తకు ఉత్తరం రాశారు. రెండో ముద్రణలో దిద్దుతామన్నారు. రెండో ముద్రణకు మొదటిదాన్నే ఫోటో తీసి వేశారు. ఆ తర్వాత ఆ సంస్థ చేతులు మారింది. ఇప్పటికి పద్దెనిమిది ముద్రణలు, పన్నెండు ఉత్తరాలు. పోయినేడు ఆ సంస్థలో కుర్రాడొకడు ఫోనులో, వాము ఇప్పుడు బ్రాండ్ అమ్మా, ముట్టుకోలేం అన్నాడట.

ఆవిడకు సినిమా ఎలా తీసినా పట్టింపు లేదు. గుర్రం గోధుమరంగైనా, గులాబీరంగైనా తనకొకటే అన్నారు. “పోయేలోపల ఆ ఒక్క అక్షరం నోరు తెరిస్తే చాలు. నీ కాగితాల మీద రాయగలవా?”

రాస్తానని పైడినాయుడు మాట ఇచ్చాడు. తిరిగొచ్చి, అది అచ్చుతప్పని, రాతప్రతిని తాను కళ్ళారా చూశానని, చిత్రంలోని పాము గ్రంథకర్త్రి ఉద్దేశానికి అనుగుణంగానే ఉందని ఒకటిన్నర పేజీల నోటు రాసి, ప్రింటు తీసి పెట్టాడు. ఆఫీసు ప్రింటరు కొన్నాళ్ళుగా ఇంకు కక్కుతోంది. అక్షరాల్లో సందులన్నీ పూడిపోతున్నాయి. బాగుచేయించడానికి ఫైలు నడుస్తోంది.

వాము మీద మండలి బహిరంగ విచారణ పెట్టింది. ఆ రోజు పొద్దున్నే భుజంగరావుగారు అతన్ని తన గదికి పిలిచారు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి పైడినాయుడి నోటు. రెండోది అతని సర్వీసు ఖరారు ఉత్తర్వు, సంతకం లేకుండా.

“నాయుడుగారూ, మీ శ్రమను మండలి గుర్తించినది,” అన్నారాయన. “అయితే నలభై ఏళ్ళుగా రాష్ట్ర ప్రజానీకం పొరపాటు చదివినదని ఒక ప్రొబేషనరు రాయుట వాంఛనీయమా? శాంతిభద్రతల కోణం ఒకటి ఉన్నది. ఈ రెండు కాగితాల్లో ఏదో ఒకటి మాత్రమే ఈ రోజు నా దగ్గరుంటుంది. మిగిలినది మీరు పట్టుకెళ్ళవచ్చు.”

పైడినాయుడికి మిల్లు గేటు, గేటు దగ్గర వేలితో అక్షరాలు నొక్కుతున్న తండ్రి గుర్తొచ్చారు. చెయ్యి చాపి తన నోటు తానే తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

విచారణ పదకొండుకు మొదలైంది. మొదట జంతుశాస్త్ర నిపుణుడు లేచి, వాము అనే జంతువు నేటివరకు నమోదు కాలేదని, అయితే నమోదు కాకపోవుట లేకపోవుటకు రుజువు కాదని చెప్పి కూర్చున్నాడు. ఆయుర్వేద నిపుణుడు, కాగిన నూనె సమక్షంలో వాము బుస కొట్టగలదని, కాని గుహలో నూనె ఉన్నట్టు గ్రంథంలో ఆధారం లేదని చెప్పాడు. శుద్ధవాదులు నూనె లేనట్టు కూడా ఆధారం లేదని కేకలు వేస్తే వాళ్ళను బయటికి పంపారు. త్రినాథ్ చొక్కా చెయ్యి మడిచి మోచేతి మీద వాము పచ్చబొట్టు చూపించాడు. ఎలుగుబంటి ఒళ్ళు, మొసలి తోక. తమ బాల్యాన్ని పాము కింద మార్చే హక్కు ఎవరికీ లేదన్నాడు.

అప్పుడు శేషారత్నంగారు ఒళ్ళోని రేకుపెట్టెను చేతుల్లోకి తీసుకుని లేచారు. “బాబూ, నేను రాసింది పామే.”

త్రినాథ్ చేతులు జోడించాడు. “అమ్మా, మీరంటే మాకు ప్రాణం. మీ కోసం తలైనా ఇస్తాం. కానీ మీ పుస్తకం మీకు సరిగ్గా అర్థం కాలేదు.”

సభలో చాలామంది తలలూపారు. భుజంగరావుగారు ఆవిడకు గ్రంథంతో గల సంబంధం ఏమిటో రికార్డు నిమిత్తం చెప్పమన్నారు. రాశానన్నారావిడ. రాసినట్టు గ్రంథంలో ఉంది, ఏం రాశారో కూడా గ్రంథంలోనే ఉంది, దస్తావేజు రిజిస్టరయ్యాక ఇల్లమ్మినవారు వచ్చి గోడ ఇక్కడ కాదు అక్కడ అనుకున్నానంటే చెల్లునా అని ఆయన వివరించారు. రాతప్రతి అనేది రిజిస్టరు కాని దస్తావేజు. దానిని ముట్టుకొనుటకు కూడా మండలికి అధికారం లేదు.

“మీరు భుజంగరావు, నేను శేషారత్నం,” అన్నారావిడ. “పాము పాము ఎదురెదురుగా కూర్చుని పాము లేదని తీర్మానం చేస్తున్నాం.”

ఆ వాక్యాన్ని రికార్డు నుంచి తొలగించారు.

ఆవిడ పైడినాయుడి వైపు తిరిగారు. ఈ అబ్బాయి చూశాడు, అడగండి అన్నారు. అధ్యక్షులు అడిగారు. పైడినాయుడు లేచాడు. జేబులో కాగితం మడత తొడకు గుచ్చుకుంది. నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి ఏమీ రాకపోతే మళ్ళీ మూశాడు. తర్వాత నేల చూస్తూ చెప్పాడు: “ముద్రిత ప్రతిలో వాము అనే ఉన్నది సార్.”

అబద్ధం కాదు. శేషారత్నంగారు కూడా అదే అన్నారు. “నిజమే చెప్పాడు పాపం,” అని పెట్టె మూసుకుని కూర్చున్నారు.

పామును తొలగించి వామును ప్రవేశపెట్టవలసిందిగా ఉత్తర్వు వెలువడింది. వాము రూపాన్ని ఉపసంఘం ఖరారు చేసింది. ఎలుగుబంటి ఒళ్ళు ఒక వర్గానికి, మొసలి తోక ఒక వర్గానికి, కాళ్ళు నాలుగో ఆరో తేలనందున అయిదు. శుద్ధవాదుల తృప్తి కోసం ఆ సన్నివేశంలో థియేటరంతా వాము వాసన కొట్టించాలి. మరుసటి ఏడు సినిమా విడుదలైంది. గుహలోంచి అయిదు కాళ్ళ ఎలుగుబంటి కుంటుతూ వచ్చి బుస కొట్టింది. హాలంతా బజ్జీల వాసన. ఇంటర్వెల్లో జనం బజ్జీల కోసం ఎగబడ్డారు. బయటికొచ్చి, మా మనసులో ఉన్న వాము ఇది కాదన్నారు. త్రినాథ్ టీవీలో కంటతడి పెట్టుకుని, ఎంతైనా పుస్తకమే బాగుందన్నాడు.

శేషారత్నంగారికి రిజిస్టరు పోస్టులో ఒక నమూనా పత్రం వెళ్ళింది. గ్రంథంలో ఉన్న దానికి విరుద్ధంగా గ్రంథం గురించి ఇకపై మాట్లాడబోనని హామీపత్రం. ఆవిడ దాన్ని సంతకం లేకుండా తిప్పి పంపారు. ‘పైడినాయుడికి’ అని ఒక చిన్న చీటీ మాత్రం పిన్ను పెట్టి ఉంది. అందులో మాటలేవీ లేవు. ఊదారంగు సిరాతో ఒకే ఒక ప. వెడల్పుగా, నోరు తెరిచి.

పైడినాయుడు ఆ చీటీని ఎర్ర పెన్సిలుతో పాటు సొరుగులో పెట్టాడు.

సినిమా సంగతి అలా ఉంచితే, విచారణ జరిగిన నెలాఖరునే అతని ఖరారు ఉత్తర్వు వచ్చింది. ముద్ర, సంతకం, నంబరు అన్నీ ఉన్నాయి. ప్రింటరు ఆ రోజు బాగా ఇంకు కక్కినట్టుంది. “శ్రీ బెవర వైడినాయుడు, సహాయ పరిశీలకుడు, సర్వీసు నందు ఖరారు చేయడమైనది.” ఉత్తర్వును చూసి గుర్తింపు కార్డు చేశారు. దాన్ని చూసి సర్వీసు పుస్తకం తెరిచారు. దాన్ని చూసి హాజరుపట్టీలో గీత కొట్టి కొత్త పేరు రాశారు. సాయంత్రానికి అంతటా వైడినాయుడే.

అతను పరుగున భుజంగరావుగారి గదికి వెళ్ళి, పదో తరగతి సర్టిఫికెట్టు బల్ల మీద పెట్టాడు. సార్, నా పేరులో అచ్చుతప్పు పడిందన్నాడు.

ఆయన సర్టిఫికెట్టును ముట్టుకోలేదు. అద్దాలు తుడుచుకున్నారు.

“వైడినాయుడుగారూ, ఇన్నాళ్ళు ఇక్కడ పనిచేసి ఏమి నేర్చుకున్నారు? ఉత్తర్వు మూలం. మీరు అనుసరణ. మూలంలో లోపం ఉండదు. ఏమైనా తేడా ఉంటే అది మీలో ఉంటుంది. దిద్దుకోండి.”

పైడినాయుడు హాజరుపట్టీ దగ్గరికి వచ్చాడు. పెన్ను తీసుకున్నాడు. అలవాటు చొప్పున ప రాయబోయి, నోరు కలిపేశాడు.

ఆదివారం ఉత్తర్వు పట్టుకుని నెల్లిమర్ల వెళ్ళాడు. దాలినాయుడు చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, కాగితాన్ని గుమ్మం వెలుగులోకి తెచ్చి, వేలు పెట్టాడు. బెవర అన్న మూడక్షరాలూ సులువుగానే దాటాడు. ఆ తర్వాత వేలు ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆగింది. ఆయన కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. కొడుకు మొహం చూశాడు.

“ఒరే, ఈ వైడినాయుడెవుడ్రా?”

“ఉజ్జోగం పెర్మినెంటయినోడు, నాన్నా.”